ఆదివారం ఫోటో

పదకొండింటికల్లా వస్తానంది. వస్తానంటే వస్తుంది, మా ఆవిడకి ఆ జబ్బొకటుంది, కాబట్టి నాకు మిగిలింది ఒక్క గంట. ఈ గంటలో ఈ మందారాన్ని, దాని పక్కన గులాబీని, మధ్యలో నక్కిన బెగోనియాని, కిటికీ గట్టు మీది ఆర్కిడ్‌ని ఒక మనిషి వచ్చి చూడగలిగే స్థితికి తీసుకురావాలి. దూది స్పిరిట్‌లో ముంచి ఆకు తిప్పితే అడుగున తెల్లగా, ఎవరో పిండి చల్లి పోయినట్టు. పిండినల్లి అంటారట. పేరు వింటే వంటింట్లో ఏ డబ్బాలోనో ఉండాల్సిన వస్తువులా ఉంది. స్పిరిట్ తగలగానే పైనున్న తెలుపు కరిగి లోపలి నారింజ రంగు ఒళ్ళు బయటపడుతుంది, అయినా పారిపోదు, పారిపోవాల్సిన అవసరం దానికేముంది, మూతి తీసుకెళ్ళి ఆకులో గుచ్చింది, హాయిగా పీలుస్తోంది, ఇక బయల్దేరమని మొహం మీద చెప్పినా లేవని చుట్టంలా. తుడిచాను. పక్కది తుడిచాను. కాడ వెళ్ళి కొమ్మని కలిసే మూలలో ఇంకో గుంపు, అక్కడ వేలు దూరదు, దూది దూరదు, షాపు నుంచి తెచ్చిన సన్నటి పుల్ల ఒక్కటే దూరుతుంది. నాది కళ్ళజోళ్ళ షాపు. ఫ్రేముల సందుల్లో చేరిన మురికి తీసే పుల్ల ఇది. ఇన్నేళ్ళూ జనం ముక్కుల మీది జిడ్డు తీసిన చెయ్యి ఇవాళ పురుగులు తీస్తోంది, పనిలో పెద్ద తేడా ఏమీ కనబడలేదు నాకు.

మొక్కల్ని తీసుకెళ్ళడానికి వస్తోంది. మొన్న ఆదివారం ఫోన్లో ఆ మాట ఎంత మామూలుగా చెప్పిందంటే, పాలు విరిగాయని చెప్పేటప్పుడైనా ఆ గొంతులో ఇంతకంటే బాధ ఉండేది. "ఇల్లు దొరికింది, ఎండ బాగా పడుతుంది, వచ్చి మొక్కలు తీసుకెళ్తాను." ఇల్లు దొరికిందట. తమ్ముడింట్లో నాలుగు రోజులుండి వస్తానని వెళ్ళిన మనిషికి ఇల్లెందుకు? అడగలేదు నేను. సరే అన్నాను. సరే అని ఫోన్ పెట్టేశాకే బుర్రలోకి ఎక్కింది, మొక్కలు వెళ్ళిపోతే ఆదివారం ఫోన్ కూడా వెళ్ళిపోతుంది. ఎందుకంటే ఆమె నాతో మాట్లాడదు. మొక్కల గురించి నాతో మాట్లాడుతుంది. నీళ్ళు పోశారా, ఎక్కువ పొయ్యకండి, ఆర్కిడ్ కొత్త కాడ వేసిందా, మందారం మొగ్గలు రాలుతున్నాయా, అంతే, మధ్యలో ఒక్కసారి నా దగ్గు విని "దగ్గుతున్నారు" అంది, దానికి నేను "దుమ్ము" అన్నాను. ఆ ఒక్క మాట వారమంతా షాపులో తల్చుకున్నాను, ఎవరితో చెప్పుకుంటాను, చెప్తే నవ్వుతారు. ఇవాళ ఆమె తలుపు తీసుకుని లోపలికి రాగానే ఇవి నిగనిగలాడుతూ కనబడాలి, ఒక్క పురుగు కూడా ఉండకూడదు, చూసి మెత్తబడాలి, 'ఇక్కడే బాగున్నాయి కదా, ఉండనివ్వండి' అనాలి. మొక్కలు ఉంటే ఫోన్ ఉంటుంది, ఫోన్ ఉంటే ఏదో ఒక ఆదివారం ఆ మనిషే వచ్చి ఉండిపోతుంది. ఇది నా ఆశ. నాకు ఆమె కావాలి. పైకి ఎవరితోనూ అనను గానీ ఈ మందారంతో అనడానికి నాకేం మొహమాటం.

ఆకు చిరిగింది. గట్టిగా రుద్దినట్టున్నాను. తుంచి జేబులో వేసుకున్నాను, చెత్తబుట్టలో కనబడితే మళ్ళీ అదొక కథ. చేతులకి జిగురు, ఆకుల మీద జిగురు, కింద గచ్చు మీద కూడా చెప్పు అతుక్కుంటోంది, ఇవి పీల్చింది పీల్చి, అరక్క కక్కేసిన తీపి అట ఇది, దాని కోసం చీమలు, చీమలు పట్టిన చోట నల్లటి మసి. గులాబీ మీదైతే వేరే జాతి, మొగ్గ మెడ చుట్టూ ఆకుపచ్చగా కిక్కిరిసి, బస్సు ఎక్కడానికి తోసుకుంటున్న జనంలాగా, పేనుబంక. దానికి నేనే విందు పెట్టాను. ఆమెకి పంపే ఫోటోలో పువ్వు కనబడాలని చారెడు వెయ్యాల్సిన చోట దోసెడు ఎరువు వేశాను, లేత చిగుళ్ళు ఎగబడి వచ్చాయి, చిగుళ్ళ వెనకే ఇవీ వచ్చాయి. ఎక్కడి నుంచి వచ్చాయో, తలుపులు మూసి ఉన్నాయి, అద్దాలు బిగించి ఉన్నాయి. ఆ అద్దాలు. అసలు వీటన్నిటికీ బాల్కనీలో చక్కటి చోటుండేది, గాలి, వాన జల్లు, అప్పుడప్పుడూ పక్షులు. ఆమె ఏదో పెళ్ళికని వారం వెళ్ళి వచ్చేలోగా నేను బాల్కనీ మొత్తానికి అద్దాలు బిగించాను. దుమ్ము రాదు, చప్పుడు రాదు, ఈగ దూరదు, అచ్చం షాపు షోకేసులా మెరిసిపోతూ. చూసి ఆశ్చర్యపోతుందనుకున్నాను. ఆశ్చర్యపోయింది. చేతిలో పెట్టె కింద పెట్టకుండానే, "నన్నొక్క మాట అడగలేదేం?" అంది. నీకోసమే కదా చేయించాను అన్నాను. "నాకోసం చేసేది నన్నడక్కుండా ఎలా చేస్తారు?" దీనికి జవాబేముంటుంది, చెప్పండి. సినిమాకి తీసుకెళ్తే ఏ సినిమా అని అడగలేదంటుంది, చీర తెస్తే రంగు అడగలేదంటుంది. మంచి పని చెయ్యడానికి కూడా దరఖాస్తు పెట్టుకోవాలా నేను? ఆ మాటే అన్నాను. ఆమె ఏమీ అనలేదు, అనకపోతే ఒప్పుకుందనుకున్నాను. ఆ వారమే ఒక్కో కుండీ ఇంట్లోకి మోసుకొచ్చింది, అద్దాల వెనక ఉడికిపోతున్నాయని. నేను సాయం పట్టలేదు. పట్టమని ఆమె అడగలేదు, అంతే, నా తప్పేముంది అందులో.

ఏమీ జరగలేదు. అందరికీ నేను చెప్పేది అదే, ఏమీ జరగలేదు, కొట్టుకోలేదు, తిట్టుకోలేదు. మా బావమరిది నన్ను పక్కకి పిలిచి, "ఏమైంది బావగారూ, అసలేం జరిగింది?" అని అంత నెమ్మదిగా అడిగితే, ఏమీ లేదయ్యా అన్నాను, అతను నా మొహం వంక ఒక చూపు చూసి, "అక్క కూడా అదే అంది" అన్నాడు. అదే అందట. అయితే ఇద్దరం ఒకే మాట మీద ఉన్నట్టే కదా, మరి ఆవిడ అక్కడెందుకు, నేనిక్కడ పుల్ల పట్టుకుని పురుగుల్ని పొడుస్తూ ఎందుకు? పొడుస్తుంటే కసిగా ఉంది. ఒకటి, దాని పక్కది, దాని పిల్లల్ని, దూదిలాంటి గూట్లో గుడ్లని. వీటికి తొందర లేదు, కోపం లేదు, ఒకళ్ళనొకళ్ళు ఏమీ అడగవు, వచ్చి కూర్చుని పీలుస్తాయి, మొక్క కూడా చెప్పదు, చెప్పే నోరు లేదు దానికి, ఆకు పసుపయ్యేదాకా అంతా బాగానే ఉందనిపిస్తుంది. నోరున్న మనిషికేం వచ్చింది? విసుక్కోవచ్చు, అరవచ్చు, గిన్నె విసిరేయొచ్చు, కనీసం మొహం మాడ్చుకోవచ్చు. అలా మౌనంగా పెట్టె సర్దుకుని వెళ్ళిపోతే అవతలివాడికి ఎలా తెలుస్తుంది?

ఇంతకీ ఈ పీడ ఎక్కడ మొదలైందో నాకు తెలుసు. ఆమె వెళ్ళాక మొదటి ఆదివారం, "ఎలా ఉన్నాయో ఒక ఫోటో పంపండి" అంది. ఒక్కో కుండీ ఒక్కో గదిలో ఉంది, ఆమె పెట్టిన చోట, ఎండని బట్టి, నీడని బట్టి. ఎవరు తిరుగుతారు అన్నిటి చుట్టూ, పైగా నా ఫోన్లో అన్నీ ఒకే ఫోటోలో వస్తే ముచ్చటగా ఉంటుందనిపించింది. అన్నిటినీ ముందు గదిలోకి లాక్కొచ్చి ఈ కిటికీ కింద గుంపుగా నిలబెట్టాను, పెళ్ళిలో చుట్టాలని నిలబెట్టినట్టు, పొడుగువి వెనక, పొట్టివి ముందు, ఆకులు ఒకదాని మీద ఒకటి. బాగున్న వైపు కెమెరాకి తిప్పాను. "అబ్బ, బాగున్నాయే" అని వచ్చింది జవాబు. ఆ 'యే' చివర ఒక చిన్న సంతోషం ఉంది, అది నాదే. ఇక ప్రతి ఆదివారం అదే వరుస, అదే కిటికీ, మళ్ళీ వాటి చోట్లకి చేర్చడం ఎందుకని అక్కడే ఉంచేశాను. అంతలో బెగోనియా చచ్చింది. నీళ్ళు ఎక్కువై మొదలు కుళ్ళి, ముట్టుకుంటే చేతిలోకి వచ్చేసింది. చెప్పొచ్చు. కానీ మొదటి నెలలోనే చంపేశానని ఎలా చెప్తాను, మొక్కని కూడా చూసుకోలేని మనిషి అని ఆ తమ్ముడింట్లో నలుగురూ అనుకోవాలా? బజారుకెళ్ళి అచ్చం అలాంటిదే, అదే గులాబీ రంగు పూలది తెచ్చి, అదే కుండీలో నాటి, అదే చోట, సరిగ్గా మధ్యలో పెట్టాను. ఫోటో పంపాను. ఆమె ఏమీ అనలేదు. గెలిచాననుకున్నాను. పురుగు దానితోనే వచ్చింది, దాని మొదట్లో తెల్లటి చుక్క నేను కొన్నరోజే చూశాను, సున్నం మరక అనుకున్నాను.

నర్సరీకీ వెళ్ళాను, వెళ్ళలేదని ఎవరూ అనకూడదు. అక్కడ కుర్చీలో కూర్చున్నాయన తల ఎత్తకుండానే "ఏం పురుగు?" అన్నాడు. మా ఫ్రెండు ఇంట్లోనండీ, అన్నాను. ఎందుకలా అన్నానో. "మీ ఫ్రెండు ఇంట్లో ఏం పురుగు?" "ఏదో తెల్లగా." "తెల్లదోమా, పిండినల్లా? ఎగురుతుందా, కూర్చుంటుందా?" "అడిగి చెప్తానండీ" అని బయటపడ్డాను. పక్కనే ఎవరో అమ్మాయి కిసుక్కున నవ్వింది. షాపుకొచ్చి షట్టర్ సగం దించుకుని, వాచీలవాళ్ళు కంటికి పెట్టుకునే అద్దంలాంటిది నా దగ్గరా ఉంది, దానితో తుంచి తెచ్చిన ఆకు చూస్తే అప్పుడు తెలిసింది అది కూర్చుంటుందని. అప్పుడే ఒక ముసలాయన కళ్ళు చూపించుకోవడానికొచ్చాడు. గోడ మీది అట్టలో చివరి వరుస చదవమంటే ఆయన కనబడట్లేదని ఒక్క ముక్క అనడు, ఊహించి చదువుతాడు, ధీమాగా, ఒక్కక్షరం కూడా నిజం కాదు. జనమంతా అంతే. సిగ్గు. తప్పు చదివి తప్పు అద్దాలు పెట్టించుకుని తలనొప్పితో మళ్ళీ నా దగ్గరికే వస్తారు. "కనబడకపోతే కనబడట్లేదని చెప్పండి పెద్దాయనా, చెప్తే నేను సరిచేస్తాను కదా" అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. వినలేదు. మనుషులకి ఎంత చెప్పినా అంతే, నాకు విసుగొచ్చింది.

ఆమె అయితే ప్రతివారం కుండీలన్నీ బాత్రూమ్‌కి మోసుకెళ్ళేది. ఆకుని అరచేతిలో పట్టుకుని, కింది వైపు నీళ్ళు కొట్టేది, కొడుతూ గొణిగేది, నీకెందుకంత పొగరు, తిన్నగా నించో, అని. బాత్రూమంతా మట్టి అయ్యేది, నేను తువ్వాలు భుజానేసుకుని గుమ్మంలో నించుని, మొక్కలకి స్నానాలు అయ్యాక మనుషులకేమైనా అవకాశం ఉంటుందా అని వేళాకోళం చేసేవాణ్ణి. ముద్దుకి చేస్తోందనుకునేవాణ్ణి. ఆకులకింద ఏముంటుందో ఆమెకి తెలుసని, ఏమీ లేనప్పుడే కడగాలని, నాకు అప్పుడు తట్టలేదు, ఆమె చెప్పలేదు, నేను... సరే. మొగ్గ ఊడింది. గులాబీకున్న ఒక్క పెద్ద మొగ్గ, దాని మెడ చుట్టూ తుడుస్తుంటే టక్కున విరిగి నా వేళ్ళ మధ్యకి వచ్చింది. ఒక్క క్షణం దాన్ని మళ్ళీ కాడ మీద పెట్టి చూశాను, నిలబడుతుందేమోనని. నాకే నవ్వొచ్చింది, నవ్వుతుంటే కళ్ళు మండాయి, స్పిరిట్ వల్ల కాదు. ఇంతటి వయసొచ్చి ఇదా నా బతుకు, పట్టపగలు గచ్చు మీద గొంతుక్కూచుని ఒక పువ్వు మొగ్గకి కాపలా. ఆమె మీద కోపం వచ్చింది, ఎన్నడూ రానంత కోపం, ఏం పాపం చేశాను నేను, తాగానా, తిరిగానా, నెల నెలా తెచ్చి చేతిలో పెట్టలేదా? ఈ మొక్కల్ని వదిలిపెట్టి వెళ్ళిందే గానీ నేనెలా ఉన్నానో ఒక ఫోటో పంపమని ఎప్పుడైనా అడిగిందా?

కింద వ్యాన్ ఆగింది. మెట్ల మీద బావమరిది గొంతు, "ముందు పెద్దవి దించుదాం అక్కా, అట్టపెట్టెలు సరిపోతాయి." దూది, సీసా, పుల్లలు సోఫా కిందకి తోశాను, మొగ్గ జేబులోకి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని తలుపు తీశాను. ఆమె కాస్త సన్నబడింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, బాగుంది, చెప్పాలనుకున్నాను. భుజానున్న బ్యాగు దించకుండానే కిటికీ వైపు వెళ్ళింది, నేను తుడిచి తుడిచి అరిగిపోయిన ఆకుల వంక చూడనేలేదు, తిన్నగా మందారం కుండీని ఒక పక్కకి వంచి అడుగు చూసింది. కుండీ అంచు కింద, పళ్ళెంలో, మట్టిని ఆనుకున్న మొదట్లో, తెల్లగా, దళసరిగా. నేను అక్కడ చూడలేదు. గంట నుంచీ ఆకులే తిప్పుతున్నాను.

"స్పిరిట్ వాసన వస్తోంది" అంది.

"కొంచెం దుమ్ము పడితే..."

"దుమ్మా?" అని కుండీని మెల్లగా మళ్ళీ నిలబెట్టింది. అట్టపెట్టె విప్పుతున్న తమ్ముడి వైపు తిరిగి, "ఏదీ దించొద్దురా. నువ్వు కిందకి పద, వస్తాను" అంది. "వ్యాన్ మాట్లాడుకుని వచ్చాం కదక్కా" అని అతను నా వంక చూశాడు, నేనేదో చెయ్యి ఊపాను, అతను పెట్టె మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

"అక్కడ కొన్ని కొత్తవి పెట్టుకున్నాను" అంది ఆమె, నాతో కాదు, గులాబీతో. "వీటిని తీసుకెళ్ళి వాటి మధ్య పెడితే వాటికీ పురుగు పడుతుంది."

"ఈమధ్యే వచ్చింది ఇది. నాలుగు రోజులైందేమో."

"ఆ బెగోనియా నాది కాదు" అంది. గొంతులో కోపం లేదు, అదే భయమేసింది. "నాదానికి ఆకు అంచు ఎర్రగా ఉండేది. ఆ ఫోటో చూసినప్పుడే అనుకున్నాను, పాతది పోయిందని. తర్వాత ఫోటోల్లో ఆకులు మెరవడం మొదలుపెట్టాయి. ఊరికే అలా మెరవవు ఆకులు, జిగురు పడితే మెరుస్తాయి."

"తెలిస్తే మరి చెప్పలేదేం?" అన్నాను. నా గొంతు పెద్దదయింది. "ఇన్ని ఆదివారాలు ఫోన్ చేసి, ఒక్కసారి చెప్పి ఉంటే..."

"ఎలా ఉన్నాయి అని అడిగేదాన్ని. బాగున్నాయి అనేవారు. ఒక్కసారి, ఇదిగో ఇలా అయింది, ఏం చెయ్యమంటావు అని అడుగుతారేమోనని చూశాను. ప్రతి ఆదివారం చూశాను. ఇవాళ అడుగుతారు, ఇవాళ అడుగుతారు అనుకుంటూ. ఇల్లు చూసుకోవడం కూడా అందుకే ఆపుతూ వచ్చాను." బ్యాగు పట్టీ సర్దుకుంది. "ఇంకా నయం, మీరు అడగరని మొక్కలతోనే తేలిపోయింది."

గోడ మీద అద్దాల నీడ కదులుతోంది, కింద వ్యాన్ తలుపు వేసిన చప్పుడు, ఎక్కడో కుళాయి, నా జేబులో చిరిగిన ఆకు, ఊడిన మొగ్గ తడిగా తొడకి తగులుతున్నాయి. ఆమె తలుపు వైపు నడుస్తోంది, ఇక ఆమెని ఆపడానికి నా దగ్గర మొక్కలు కూడా లేవు.

"ఇప్పుడు అడుగుతున్నాను" అన్నాను. "ఏం చెయ్యమంటావు?"

ఆగింది. వచ్చినప్పటి నుంచి మొదటిసారి నా మొహంలోకి చూసింది, చాలాసేపు, నా కళ్ళకింద ఏముందో వెతుకుతున్నట్టు. బ్యాగు భుజం మీద నుంచి కొంచెం జారింది, ఎత్తుకోలేదు. ఆ చూపు నాకు తెలుసు, చాలా ఏళ్ళ కిందట ఇలాగే చూసేది, నేనేదైనా చెప్తానని.

"మొక్కలకా?" అంది.

కాదు అనాలి. రెండక్షరాలు. కాదు, నాకు, మనకి, ఈ ఇంటికి, నువ్వు లేక ఈ ఇంట్లో ఏది ముట్టుకున్నా జిగురుగా ఉంది, ఏం చెయ్యాలో నాకు తెలియదు, ఎప్పుడూ తెలియదు, ఊహించి చెప్పేవాణ్ణి, చెప్పు. అంతా గొంతులోకి వచ్చింది, నాలుక మీదకి వచ్చింది, ఆమె ఎదురుచూస్తోంది, నా మొహం వేడెక్కింది, కాదంటే నవ్వుతుందేమో, కాదంటే జాలిపడుతుందేమో, కింద ఆ తమ్ముడికి చెప్తుందేమో.

"ఆఁ, మొక్కలకే" అన్నాను.

ఆమె తల ఊపింది. బ్యాగు పైకి లాక్కుంది. "సబ్బు నీళ్ళు కొట్టండి" అంది, దారిలో ఎవరో అడిగితే చెప్పినంత మర్యాదగా. "ఆకుల కింద, కుండీల అడుగున. వారం వారం కొట్టాలి, ఒక్కసారితో పోదు." మెట్లు దిగుతూ, వెనక్కి తిరక్కుండా, "తలుపేసుకోండి, దుమ్మొస్తుంది" అంది.